120 కుటుంబాల బస్తీకి ఆర్‌ఓ ప్లాంటు పెట్టిస్తే పిల్లల విరేచనాలు తగ్గుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బృందానికి కొంత విరాళం వచ్చింది. దాదాపు 120 కుటుంబాలున్న పేదల బస్తీలో పిల్లలకు తరచూ విరేచనాలు అవుతున్నాయి. అక్కడ రెండు చేతిపంపులు, ఒక వీధి కుళాయి, ఎనిమిది సామూహిక మరుగుదొడ్లు ఉన్నాయి. దొడ్లలో నాలుగు మూతపడ్డాయి. ఆర్‌ఓ ప్లాంటు పెట్టించాలా, కొత్త దొడ్లు కట్టించాలా అని అడిగారు.

ముందే చెప్పేస్తున్నా: ప్లాంటు వద్దు. కొత్త దొడ్లు కూడా ఇప్పుడే వద్దు. మొదటి రెండు నెలల్లో నాలుగు పనులు చేయండి. నీళ్లను పరీక్ష చేయించండి. క్లోరిన్ కలిపే ఏర్పాటు చేసి, ఇళ్లలో నీళ్లు నిల్వ ఉంచే పాత్రలు మార్పించండి. మూతపడ్డ ఆ నాలుగు దొడ్లు ఎందుకు మూతపడ్డాయో కనుక్కుని తెరిపించండి. ప్రతి దొడ్డి పక్కన చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు పెట్టించండి. విరాళంలో మూడో వంతైనా ముట్టుకోకుండా పక్కన ఉంచండి, ఎందుకో కింద చెప్తాను. ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి నాకు. మొదటి ఐదారేళ్లు నేనూ మీలాగే మిషన్లు, సిమెంటు లెక్కలే వేశాను.

ఆర్‌ఓ సంగతి. దాని అసలు పని నీళ్లలో కరిగిన లవణాలను తీయడం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఆర్సెనిక్, ఉప్పదనం ఎక్కువుంటే ఆర్‌ఓ గురించి ఆలోచించాల్సిందే. కానీ మీ పిల్లలకు విరేచనాలు తెస్తున్నవి లవణాలు కావు, మలం నుంచి నీళ్లలోకీ నోట్లోకీ చేరే క్రిములు. ఆర్‌ఓ వాటిని కూడా ఆపుతుంది, కాదనను. అయితే ప్లాంటు గొట్టం నుంచి బయటికొచ్చిన నీళ్లలో క్లోరిన్ ఉండదు. ఇంటికి వెళ్లాక ఎవరి చెయ్యి తగిలినా ఆ నీళ్లకు కాపలా లేదు. దీనికి తోడు కొంత నీరు వృథాగా బయటికి పోతుంది, కరెంటు కావాలి, ఫిల్టర్లు మార్చాలి, రోజూ చూసుకునే మనిషి కావాలి. బోర్డు మీద దాతల పేర్లు మెరుస్తూ, లోపల మిషన్‌కు తాళం పడి ఉన్న ప్లాంట్లు చాలానే చూశాను.

నా కళ్లు తెరిపించిన సంగతి ఒకటి చెప్పాలి. ఒక బస్తీలో కుళాయి దగ్గర క్లోరిన్ కొలిస్తే లీటరుకు 0.4 మిల్లీగ్రాములు వచ్చింది. పుస్తకం ప్రకారం ఇంతకంటే మంచి నీళ్లు ఉండవు. అయినా విరేచనాలు తగ్గలేదు. ఏం చేయాలో తోచక ఒక ఇంట్లో కూర్చున్నాను. మూడేళ్ల పాప బయటికెళ్లి వచ్చింది. వాళ్లమ్మ పాపను కడిగింది, చెయ్యి కొంగుకు తుడుచుకుంది, మూత లేని డ్రమ్ములోకి గ్లాసు ముంచి, వేళ్లు రెండు కణుపుల దాకా మునిగేలా నీళ్లు తీసి, ఎండలో వచ్చాను కదా అని ఎంతో ఆప్యాయంగా నాకే ఇచ్చింది. తాగాను. వద్దనే ధైర్యం లేదు.

మర్నాడు చిన్న గాజు సీసాలు తీసుకెళ్లాను. అడుగున మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది, గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే సీసా నల్లబడుతుంది. హెచ్‌టూఎస్ పరీక్ష అంటారు. ల్యాబ్ పరీక్షంత కచ్చితం కాదు కానీ చూపించడానికి దాన్ని మించింది లేదు. కుళాయి దగ్గర పట్టిన సీసాలు అలాగే ఉన్నాయి. ఇళ్లలో డ్రమ్ముల నుంచి పట్టినవి చాలావరకు సిరా పోసినట్టు నల్లగా మారాయి. వాటిని గట్టు మీద వరసగా పెట్టాం. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఒక పెద్దావిడ సీసా మూత తీసి వాసన చూసి, "కుళ్లిన గుడ్డు కంపు కొడుతోంది, ఇదేనా మా పిల్లలు తాగేది?" అంది. మా ఉపన్యాసాలన్నీ కలిపినా చేయలేని పని ఆ వాసన చేసింది.

ఒక జాగ్రత్త. ఏ సీసా ఎవరింటిదో బయటపెట్టకండి. ఒకసారి పేర్లు రాసి పెట్టి ఒక కోడల్ని అత్తగారి చేత నలుగురిలో తిట్టించిన పాపం నాది.

అందుకని ప్రయాణం మొత్తం చూడండి: పంపు, బిందె, డ్రమ్ము, గ్లాసు, నోరు. పంపు దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లు ఇంట్లో పాడవడం ఎక్కడైనా జరిగేదే. దీనికి విరుగుడు ఖరీదైనదేం కాదు. మూతి చిన్నగా ఉండి, గట్టి మూత, కింద కుళాయి ఉన్న క్యాన్ అయితే చెయ్యి లోపలికి పోదు. అది కుదరకపోతే పొడవాటి కాడ ఉన్న గరిటె, దాన్ని తగిలించడానికి గోడకు ఒక మేకు. మేకు మర్చిపోకండి. మేకు లేకపోతే గరిటె నేల మీదే ఉంటుంది.

ఇక క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌తోనే మొదలుపెట్టండి. తాజా పౌడర్‌లో దాదాపు 30 శాతం క్లోరిన్ ఉంటుంది, కానీ సంచి విప్పి ఉంచితే, తడి తగిలితే నెలల్లో పస పోతుంది. ఒకచోట రోజూ నియమం తప్పకుండా పౌడర్ కలుపుతున్నారు, రిజిస్టర్‌లో సంతకాలు కూడా ఉన్నాయి. నీళ్లలో కొలిస్తే సున్నా. మూలన మూతి విప్పిన సంచిలో గడ్డకట్టిన సున్నం మిగిలింది, అంతే.

ఎంత కలపాలి అన్నదానికి అందరికీ ఒకే లెక్క ఉండదు, నీళ్లను బట్టి మారుతుంది. ఇలా తేల్చుకోండి. సుమారు 33 గ్రాముల తాజా పౌడర్‌ను లీటరు నీళ్లలో కలిపి తేర్చితే ఒక శాతం ద్రావణం వస్తుంది. 20 లీటర్ల బకెట్లు నాలుగు నింపండి. సిరంజితో వరసగా 1, 1.5, 2, 2.5 మిల్లీలీటర్ల ద్రావణం వేసి కలిపి అరగంట ఆగండి. తర్వాత క్లోరిన్ కొలిచే కిట్‌తో చూడండి. ఏ బకెట్‌లో లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో అదే మీ మోతాదు. అన్నింట్లోనూ సున్నా వస్తే పౌడర్ చచ్చిపోయిందనో నీళ్లు మరీ మురికిగా ఉన్నాయనో అర్థం. వాన పడ్డాక, మూలం మారినప్పుడు ఈ పరీక్ష మళ్లీ చేయాలి. పంపు దగ్గర ఒక మనిషి నిలబడి, నీళ్లు పట్టుకున్న వెంటనే క్యాన్‌లో కొలత ప్రకారం వేస్తే సరిపోతుంది. ఆ మనిషికి కొంత జీతం ఇవ్వండి. ఉచిత సేవ ఉత్సాహం మూడో వారానికి దిగిపోతుంది.

క్లోరిన్‌కు హద్దులున్నాయి. బురద నీళ్లలో సరిగ్గా పనిచేయదు, 5 ఎన్‌టీయూ (నీళ్ల మసకదనాన్ని కొలిచే లెక్క) కంటే మసకగా ఉంటే ముందు తేర్చాలి లేదా వడకట్టాలి. క్రిప్టోస్పోరిడియం లాంటి కొన్ని మొండి క్రిములు దానికి చావవు. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ జోలికి అది పోనే పోదు. అందరూ చేసే ఫిర్యాదు ఇంకొకటి: "మందు వాసన." జనం క్లోరిన్ నీళ్లు పారబోసి, చెరువు నీళ్లే తియ్యగా ఉన్నాయని తెచ్చుకున్న రోజులున్నాయి. దాన్ని అజ్ఞానం అని కొట్టేయకండి. సగం సందర్భాల్లో మోతాదు నిజంగానే ఎక్కువై ఉంటుంది. మొదటి రెండు వారాలు 0.2కు దగ్గరగా ఉంచండి, నాలుక అలవాటు పడుతుంది.

క్లోరిన్ దొరకని రోజున బాగా తెర్లేదాకా మరిగించినా చాలు. కట్టెలు, గ్యాస్ లేని ఇంట్లో శుభ్రమైన పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్లు పోసి ఆరు గంటలు మంచి ఎండలో పెట్టినా పనికొస్తుంది. మబ్బుగా ఉంటే రెండు రోజులు కావాలి. 120 ఇళ్లకు రోజూ జరిగే పని కాదనుకోండి, ఆపద్ధర్మం.

రసాయన పరీక్ష ఒక్కసారైనా చేయించకుండా ఏ బోరునూ మంచిదనకండి. బంగ్లాదేశ్‌లో జరిగింది ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ గుర్తుంచుకోవాలి. చెరువు నీళ్లతో వచ్చే విరేచనాలు తగ్గించాలని 1970ల నుంచి అక్కడ లక్షల సంఖ్యలో గొట్టపుబావులు వేశారు. ఉద్దేశం మంచిదే. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉన్న సంగతి 1993లో గానీ బయటపడలేదు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితులు రాసుకోండి: ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు. వీటిలో ఆర్సెనిక్, ఫ్లోరైడ్ దాటితే నేను పైన ప్లాంటు గురించి చెప్పిందంతా మళ్లీ ఆలోచిద్దాం. నైట్రేట్ ఎక్కువుంటే దగ్గరలోని మరుగుదొడ్ల గుంతల మీద అనుమానం పెట్టుకోవాలి. గుంతకూ నీటి వనరుకూ మధ్య కనీసం 30 మీటర్లు, గుంత అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య కనీసం ఒకటిన్నర మీటర్లు ఉండాలన్నది పాటించే లెక్క. మీ చేతిపంపుల దగ్గర టేపు పట్టి కొలవండి. చాలాచోట్ల కొలిచినవాడే ఉండడు.

ఇప్పుడు మరుగుదొడ్లు. లెక్క చూద్దాం. 120 కుటుంబాలంటే ఐదారు వందల మంది అనుకుందాం. సహాయ శిబిరాల్లో పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం చేతిపంపు ఒక్కటి 500 మందికి, కుళాయి ఒక్కటి 250 మందికి సరిపోతుంది, మరుగుదొడ్డి ఒక్కటి 20 మందికే. అంటే నీటి వనరుల సంఖ్యలో మీకు కొరత లేదు, అవి రోజంతా నీళ్లిస్తుంటే. దొడ్లలో ఉంది అసలు కొరత. తెరిచి ఉన్న నాలుగింటినే వాడితే ఒక్కో దొడ్డికి సుమారు 140 మంది పడతారు. ఎనిమిదీ తెరిచినా చాలవు. అయినా ముందు కట్టొద్దంటున్నానంటే కారణం, మూతపడ్డ నాలుగింటికి ఏ జబ్బు ఉందో కొత్తవాటికీ అదే వస్తుంది.

ఆ జబ్బు ఏమిటో ఇంజినీర్ చెప్పలేడు. ఆడవాళ్లను విడిగా, మగవాళ్లు లేకుండా అడగండి. ఒకచోట మేం కట్టిన ఆరు దొడ్లలో కట్టెలు, పాత సామాన్లు పెట్టుకున్నారు. మీటింగ్ పెడితే మగవాళ్లు "అలవాటు లేదండీ, నెమ్మదిగా వాడతారు" అన్నారు. సాయంత్రం బట్టలుతికే చోట మా బృందంలో ఉన్న అమ్మాయి వెళ్లి కూర్చుంటే అసలు విషయం తెలిసింది. తలుపులన్నీ కుర్రాళ్లు కూర్చునే అరుగు వైపు ఉన్నాయి. ఎవరు ఎన్నిసార్లు వెళ్తున్నారో అందరికీ తెలుస్తుంది. లోపల గడియ బిగుసుకోదు. రాత్రి దీపం లేదు. నెలసరి బట్ట ఎక్కడ పడేయాలో, ఎక్కడ ఉతుక్కోవాలో ఎవరూ ఆలోచించలేదు. మేం తలుపుల ముందు అడ్డుగోడ కట్టాం, గడియలు మార్చాం, ఒక సోలార్ దీపం పెట్టాం, మూత ఉన్న చెత్తడబ్బా పెట్టాం. కట్టెలు వాటంతటవే బయటికొచ్చాయి. ముసలివాళ్లు, కాళ్లు పట్టేసినవాళ్లు లేవడానికి గోడకు ఒక ఇనుప పట్టీ కూడా పెట్టించండి. గర్భిణులు కూడా దాన్నే పట్టుకుంటారు.

రెండో జబ్బు గుంత. "గుంత ఏడాదిలో నిండిపోతుంది, తర్వాత ఎవరు తీస్తారు?" అన్న భయంతో చాలా ఇళ్లలో దొడ్డిని పండగ చీరలాగా దాచుకుంటారు. లెక్క వేసి చూపించండి. ఒక మనిషి వల్ల గుంతలో ఏడాదికి పేరుకునే మడ్డి సుమారు 40 నుంచి 60 లీటర్లు. ఐదుగురున్న ఇంట్లో 200 నుంచి 300 లీటర్లు. ఘనమీటరు గుంత అంటే 1,000 లీటర్లు, అంటే మూడేళ్ల నుంచి ఐదేళ్లు. జంట గుంతలైతే ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని రెండేళ్లు మూసి ఉంచితే ఎరువుగా మారిపోతుంది. ఈ లెక్క ఇంటి దొడ్డికి. 140 మంది వాడే సామూహిక దొడ్డికి మాత్రం ఏడాదికి ఐదున్నర వేల నుంచి ఎనిమిదిన్నర వేల లీటర్లవుతుంది, కాబట్టి యంత్రంతో తోడించే ఒప్పందం ముందే ఉండాలి. తోడిన మడ్డి ఎక్కడ పారబోస్తున్నారో కూడా లారీ వెనకే వెళ్లి చూడండి. గుంతలోకి మనిషిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దించకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులుంటాయి, ఒకర్ని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోతారు.

పసిపిల్లల మలం గురించి ఒక్క మాట. అది ప్రమాదం కాదని చాలామంది తల్లులు నమ్ముతారు, వాకిట్లోనే పారేస్తారు. నిజానికి విరేచనాలు ఎక్కువగా అయ్యేది వాళ్లకే కాబట్టి క్రిములు ఎక్కువుండేదీ అందులోనే. అదీ దొడ్లోనే పడాలి.

చేతుల దగ్గరికి వద్దాం. సబ్బుతో చేతులు కడుక్కోవాలని తెలియనివాళ్లు నాకు ఎక్కడా తగల్లేదు. తెలిసీ కడగరు, ఎందుకంటే దొడ్డి ఒకచోట, నీళ్లు ఇంకోచోట, సబ్బు ఇంట్లో. ఇంకో కారణం కూడా ఉంది. 20 లీటర్ల క్యాన్ అంటే 20 కిలోల బరువు. పోను రాను, వరసలో నిలబడను అరగంట దాటితే ఇంటికి తెచ్చే నీళ్లు తగ్గిపోతాయి, తగ్గించేటప్పుడు మొదట కోత పడేది చేతులు కడుక్కునే నీళ్లకే. మనిషికి రోజుకు 15 లీటర్లన్నా చేరుతున్నాయో లేదో పది ఇళ్లలో లెక్కపెట్టండి. శుభ్రమైన నీళ్లు కొంచెం ఉండటం కంటే మామూలు నీళ్లు ధారాళంగా ఉండటం చేతులకు మేలు.

సబ్బు కనిపిస్తే మాయమవుతుంది, అది ఎక్కడైనా ఉన్నదే. బట్టల పౌడర్ కొంచెం నీళ్లలో కలిపి, మూతకు చిల్లి పెట్టిన సీసాలో పోసి దొడ్డి తలుపు పక్కన కట్టేయండి. ఎవరూ ఎత్తుకుపోరు. బంగ్లాదేశ్ బడుల్లో చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. దొడ్డి నుంచి చేతులు కడిగే చోటు దాకా రంగుతో పాదముద్రలు, తొట్టి దగ్గర అరచేతి ముద్రలు వేశారు. ఒక్క పాఠం చెప్పలేదు. అంతకుముందు 4 శాతం ఉన్న సబ్బుతో చేతులు కడిగే అలవాటు మర్నాటికే 68 శాతానికి, ఆరు వారాలకు 74 శాతానికి పెరిగింది. మేమూ వేశాం. పిల్లలు ముద్రల మీద గెంతుతూ వెళ్లి, అక్కడిదాకా వచ్చాం కదా అని చేతులు కడుక్కుంటారు.

మూడో వంతు డబ్బు పక్కన ఉంచమన్నాను కదా. ఒక చేతిపంపు ఐదు నెలలు పనిచేయకుండా పడి ఉంది. కారణం అరచేతిలో పట్టే ఒక రబ్బరు వాషర్. వాషర్ తేవడానికి డబ్బు ఎవరివ్వాలన్న తగాదాలో ఐదు నెలలు పోయాయి. ఆ ఐదు నెలలూ జనం కాలువ నీళ్లు తాగారు. అందుకే ఏదైనా బిగించే ముందే విప్పి బిగించే పని తెలిసిన ఇద్దర్ని, అందులో ఒక మహిళను, తయారు చేయండి. వాషర్లు, గడియలు, క్లోరిన్ కిట్ మాత్రలు వాళ్ల దగ్గరే డబ్బాలో ఉండాలి. నెలనెలా ఇంటికి కొంత వసూలు చేసి, లెక్క పంపు దగ్గర పలక మీద అందరికీ కనబడేలా రాయాలి. మా అనుభవంలో ఆడవాళ్ల చేతిలో ఉన్న లెక్క ఎక్కువ కాలం నిలిచింది.

దాతలకు ఏం చెప్పాలో కూడా జాగ్రత్త. "పిల్లలు ఏపుగా పెరుగుతారు" అని మాటివ్వకండి. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో జరిగిన పెద్ద పరిశోధనల్లో క్లోరిన్, మామూలు గుంత దొడ్లు, చేతుల శుభ్రత కలిపి ఇచ్చినా పిల్లల ఎత్తులో తేడా రాలేదు. విరేచనాలు బంగ్లాదేశ్‌లో తగ్గాయి, మిగతా రెండు చోట్లా తగ్గలేదు. అరకొరగా చేస్తే ఫలితమూ అరకొరే అని నేను అర్థం చేసుకున్నాను. వేరేగా అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఇవన్నీ కుదురుకునేలోగా పిల్లలకు విరేచనాలు ఆగవు కాబట్టి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఈ వారమే బస్తీలో ఉండాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, తలకొట్టి సమంగా. ఉప్పు ఎక్కువ కాకూడదు. తల్లిపాలు ఆపొద్దు. జింక్ 10 నుంచి 14 రోజులు, మోతాదు ఆరోగ్య కార్యకర్తను అడగండి. కళ్లు లోపలికి పోయినా, మత్తుగా పడుకున్నా, మలంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మీరు తిరిగి రాసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి. చేతిపంపు నుంచి దగ్గరి గుంత ఎన్ని మీటర్లు, నైట్రేట్ ఎంత వచ్చింది, మూతపడ్డ నాలుగు దొడ్ల తలుపులు ఎటువైపు తెరుచుకుంటాయి. దాన్ని బట్టి కొత్తవి ఎక్కడ కట్టాలో, అసలు ఆ పంపుల్లో ఏదైనా మూసేయాలో చూద్దాం.